క్విటోలో తక్కువైన రాయి

‘కీటోలో ఉన్నా’ అని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టగానే వచ్చిన మొదటి రిప్లై: ‘ఎన్ని కిలోలు తగ్గావ్?’

డైట్ కాదు బాబూ, ఊరు. జీకే పుస్తకాల్లో ‘ఈక్వెడార్ రాజధాని క్విటో’ అని బట్టీ పట్టాం కదా, అదే. అక్కడివాళ్లు ‘కీటో’ అంటారు. ఆఫీసు పని మీద వెళ్తే ఒక్క రోజు ఖాళీ దొరికింది. ఆ రోజంతా పాత ఊరికే ఇచ్చేశాను.

ముందే చెప్తున్నా, పరుగులు పెట్టకండి. ఈ ఊరు 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే మన తిరుమల కొండకి సుమారు మూడు రెట్లు. రెండు వీధులు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చేసింది. బుద్ధిగా మెట్రో ఎక్కాను. 2023 డిసెంబరులో మొదలైన మెట్రో ఇది, టికెట్ 45 సెంట్లు. 2000 నుంచీ ఇక్కడ నడిచేది అమెరికా డాలరే. శాన్ ఫ్రాన్సిస్కో స్టేషన్‌లో దిగి పైకొస్తే ఎదురుగా పెద్ద రాతి చౌకు, దాని వెనక రెండు తెల్లటి గోపురాల చర్చి. కింద 21వ శతాబ్దం, పైన 16వ శతాబ్దం. 1978లో యునెస్కో మొట్టమొదటి వారసత్వ జాబితా వేసినప్పుడు అందులో ఉన్నవి 12 చోట్లే. ఈ పాత ఊరు వాటిలో ఒకటి.

స్పానిష్ వాళ్లు రాకముందు ఇది ఇన్కాల ఊరు. శత్రువు చేతికి చిక్కకూడదని ఇన్కా సేనాని రుమిన్యావి దీన్ని తగలబెట్టేశాడు. ఆ బూడిద మీదే 1534లో స్పానిష్ వాళ్లు కొత్త ఊరు వేశారు.

వాకింగ్ టూర్ గైడ్ మమ్మల్ని చర్చి ముందున్న రాతి అరుగు దగ్గర ఆపి ఒక కథ చెప్పాడు. ఆ అరుగు కట్టే పని కాంతున్యా అనే స్థానికుడు ఒప్పుకున్నాడట. గడువు రేపు, పని చూస్తే సగం కూడా కాలేదు. (డెడ్‌లైన్ బాధ తెలిసినవాణ్ని కాబట్టి నాకు వెంటనే జాలేసింది.) దయ్యం ప్రత్యక్షమై ‘నీ ఆత్మ ఇవ్వు, తెల్లారేలోపు కట్టేస్తా’ అంది. ఒప్పుకున్నాడు. దయ్యాలన్నీ దిగి రాత్రికి రాత్రే కట్టేశాయి. కానీ కాంతున్యా తెలివిగా ఒక్క రాయి దాచేశాడు. పని పూర్తి కాలేదు కాబట్టి ఒప్పందం రద్దు! అందరం చప్పట్లు కొట్టాం. ఆ రాయి లేని చోటు ఎక్కడా అని వెతికాం కూడా.

మనకి అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇంటి దగ్గర రాత్రి ఏడున్నర. నాన్నకి వీడియో కాల్ చేసి కథ చెప్పాను. నాన్న తాపీ మేస్త్రీ. కథ సగంలోనే, “ఫోన్ ఆ మెట్ల వైపు తిప్పరా” అన్నాడు.

అరుగు ఎక్కే మెట్లు చిత్రంగా ఉంటాయి. కింది సగం గుండ్రంగా బయటికి ఉబ్బుతుంది, పై సగం లోపలికి వంగుతుంది. నాన్న చాలాసేపు చూశాడు.

“ఆ రెండు వంపులూ కలిసే చోట రాయి ఒక్కటి మట్టం తప్పినా మొత్తం పని పాడవుద్ది. దయ్యాలు కట్టడమేంట్రా? దయ్యానికి అంత ఓపిక ఉండదు. కట్టినోళ్ల పేర్లు ఎక్కడైనా రాశారా?”

నేను వెతికినంత మేర కనిపించలేదు. 16వ శతాబ్దంలోనే ఇక్కడ స్థానిక పిల్లలకి చేతిపనులు నేర్పే బడి పెట్టారు. అలా తయారైన చేతులే ఊరంతా చెక్కాయి. పేరు దక్కినవాళ్లు కొందరే. ఈ చర్చిలోని రెక్కల మేరీమాత బొమ్మ 1734లో బెర్నార్దో దె లెగార్దా చేసింది. పనెసియ్యో కొండ మీద ఊరంతటికీ కనిపించే పెద్ద అల్యూమినియం విగ్రహానికి మూలం అదే. కాస్త దూరంలో లా కంపన్యియా చర్చి ఉంది. లోపల ఎటు చూసినా బంగారు రేకు. 1605లో మొదలై 1765లో పూర్తయింది. 160 ఏళ్లు! పునాది తీసినవాళ్లలో ఒక్కరు కూడా ఆ మెరుపు చూసి ఉండరు.

ఆ బంగారం మధ్య నిలబడితే నాకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఫారం గుర్తొచ్చింది. ‘తండ్రి వృత్తి’ అన్న చోట ‘సివిల్ కాంట్రాక్టర్’ అని రాశాను. మా నాన్న ఏనాడూ కాంట్రాక్టర్ కాదు. ఆయన పేరు దాచింది దయ్యం కాదు, నేనే.

ఆ రాత్రి హోటల్ నుంచి మళ్లీ కాల్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారింది, నాన్న పనికి బయల్దేరుతున్నాడు. “ఇప్పటిదాకా నువ్వు కట్టినవన్నీ చెప్పు” అన్నాను. “ఇప్పుడెందుకురా” అంటూనే మొదలెట్టాడు. హైస్కూల్లో రెండు గదులు, వాటర్ ట్యాంకు, బస్టాండు వెనక ఫంక్షన్ హాలు... గూగుల్ మ్యాప్స్‌లో ఒక్కోటీ వెతికి, కొత్త లిస్టులో సేవ్ చేస్తూ పోయాను. పనికి లేటవుతోందని పెట్టేసేసరికి పదిహేడు అయ్యాయి.

లిస్టుకి నాన్న పేరే పెట్టాను. మిగతావి ఈ ఆదివారం చెప్తానన్నాడు.