చౌక వైనుకు ఇంట్లోనే గ్రేడు: కల్లుకు ఎవరు కడతారు?

మక్తల్: హైదరాబాదు నుండి రాయచూరు పోయే రహదారి మీద బస్సు దిగిన వారికి ముందుగా కనిపించే బోర్డులలో "వైన్స్" అన్నది ఒకటి. తెలంగాణ అంతటా ఇదే తీరు. ఆ దుకాణంలో విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు సమృద్ధిగా దొరుకుతాయి. అసలు వైను మాత్రం పై అరలో దుమ్ము పట్టి నాలుగైదు సీసాలుంటే ఉన్నట్లు, లేకుంటే లేనట్లు. పేరు ఒక సరకుది, వ్యాపారం మరొక సరకుది. గిరాకీ లేని సరకును వర్తకుడు తెప్పించడు. తెప్పించని సరకు రుచి కొనుగోలుదారుకు తెలియదు. తెలియనిదానికి గిరాకీ పుట్టదు.

అయితే ఇటీవలి సంవత్సరాలలో చదువుకున్న కుటుంబాలలో, పండుగలకు ఇంటికి వచ్చే ఉద్యోగస్తులలో వైను కొనేవారు కొద్దికొద్దిగా కనిపిస్తున్నారు. కృష్ణ వంతెన దాటితే కర్ణాటక. అక్కడి ప్రభుత్వం 2007లో ద్రాక్ష వైనుకు ప్రత్యేక విధానం, ఒక వైన్ బోర్డు ఏర్పరచింది. విజయపుర, బాగల్‌కోట్ జిల్లాల ద్రాక్ష తోటలు ఇక్కడికి మరీ దూరం కాదు. మహారాష్ట్రలోని నాసిక్ సరకు సరేసరి. కనుక ఏ సీసా కొనాలి, ఎంతకు కొనాలి అన్న ప్రశ్న ఈ పేజీ పాఠకులకు కూడా వచ్చే ప్రశ్నే.

దీనికి పట్నపు నిపుణుడి సలహా అవసరం లేదు. పల్లికాయ బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, ఒలిచి, గింజ నిండుదనం చూసి ధర చెప్పగలిగిన చేతులు ఈ ప్రాంతంలో వేలకొద్దీ ఉన్నాయి. వడ్లగింజను పంటి కింద కొరికి పదును ఆరిందో లేదో చెప్పే రైతులున్నారు. నారాయణపేట కందులకు, ఇతర ప్రాంతాల కందులకు తేడా వండిన పప్పు వాసనను బట్టి చెప్పే గృహిణులున్నారు. సరకును నాలుకతో, ముక్కుతో తూచే విద్య ఇక్కడ కొత్తది కాదు. సరకు ఒక్కటే కొత్తది.

ధరను బట్టి గ్రేడు కట్టరాదన్నది మొదట గుర్తుంచుకోవలసిన విషయం. మద్యం జి.ఎస్.టి. పరిధిలోకి రాదు, సుంకాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విధించుకుంటుంది. సీసా మీది ధరలో ఎక్సైజు సుంకం, రవాణా, గాజు, బిరడా, దుకాణదారు లాభం అన్నీ కలిసి ఉంటాయి. ద్రాక్ష వంతు అందులో ఎంతో చూసి కొనేవారెవరు? 2008లో అమెరికాలో 6,000కు పైగా రుచి పరీక్షల లెక్కలు తీసి ప్రచురించారు. ధర తెలియకుండా తాగించినప్పుడు సామాన్యులు ఖరీదైన వైనుకు ఎక్కువ మార్కులు వేయలేదు సరికదా, కొద్దిగా తక్కువే వేశారు. ఇంతకంటె ముందే, 1976 మే నెలలో పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే పేర్లు దాచిన సీసాలకు మార్కులు వేసి, తమ దేశపు పేరుమోసిన సరకును వెనక్కునెట్టి, కాలిఫోర్నియా వైనుకు తెలుపులోనూ ఎరుపులోనూ ప్రథమ స్థానం ఇచ్చారు. పేరు కనిపించి ఉంటే ఆ ఫలితం వచ్చి ఉండేది కాదనుకోవడంలో తప్పులేదు.

కాబట్టి ఇంట్లో పరీక్షకు మొదటి నియమం పేరు దాచడమే. నలుగురైదుగురు కలిసి నాలుగు సీసాలు కొంటే ఒక్కొక్కరికి పడే ఖర్చు ఒక సీసా ధర దాటదు. 21 ఏళ్లు నిండనివారికి తెలంగాణలో మద్యం అమ్మరు, కనుక ఈ పందిట్లో పిల్లలకు చోటు లేదు. ఒకరు సీసాలకు పాత దినపత్రిక చుట్టి అంకెలు వేయాలి, పోసేది మరొకరు. గ్లాసులన్నీ ఒకే రకంవి, గాజువి కావాలి. స్టీలు గ్లాసులో రంగు తెలియదు. ఒక్కొక్క దానిలో రెండు గుటకలకు మించి పోయరాదు. రుచి చూసేది తాగడానికి కాదు, తూచడానికి. నిపుణులు నోట పుక్కిలించి ఉమ్మివేస్తారు. పక్కన ఒక చెంబు పెట్టుకుంటే ఇంట్లోనూ అదే చేయవచ్చు. ఉమ్మివేయని న్యాయనిర్ణేత నాలుగో సీసాకు వచ్చేసరికి అన్నిటికీ ప్రథమ శ్రేణి ఇస్తాడు!

మధ్యమధ్య నోరు శుభ్రపడడానికి మంచినీళ్లు, ఉప్పులేని జొన్నరొట్టె ముక్క చాలు. ఉల్లిపాయ, మిరపకాయ తొక్కు, వేయించిన పల్లీలు పరీక్ష ముగిసిన తర్వాతనే. అగరువత్తి వెలిగించిన గదిలో, తాళింపు పొగ ఉన్న వంటింటి పక్కన వాసన తెలియదు.

మార్కులు ఇరవైకి వేసుకుంటే లెక్క సులువు. రంగు, తేటదనానికి 2, వాసనకు 6, నోటిలో రుచికి 8, గొంతు దిగిన తర్వాత నిలిచే రుచికి 4. రుచి అంటే తీపి ఒక్కటే కాదు. పులుపు, వగరు, తీపి, ఘాటు ఈ నాలుగింటిలో ఏదీ మిగతావాటి నెత్తినెక్కకుండా ఉండడం. పచ్చడి నూరిన వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఎరుపులో వగరు ద్రాక్ష తొక్క నుండి, గింజ నుండి వస్తుంది. తెలుపులో అది దాదాపు ఉండదు. రెంటికీ ఒకే పట్టీ మీద మార్కులు వేయడం కాయను, గింజను ఒకే ధరకు అడిగినట్లుంటుంది. "పోర్టు" పేరుతో మన దేశంలో చౌకగా అమ్మే తియ్యటి ఎరుపు రకం కూడా వేరు పద్దు. బెంగుళూరు బ్లూ ద్రాక్షతో చేసే ఇటువంటి సరకుకు, పోర్చుగల్‌లో వైనుకు ద్రాక్ష బ్రాందీ కలిపి తయారుచేసే అసలు పోర్టుకు పేరులో తప్ప పోలిక తక్కువ.

ఇక న్యాయనిర్ణేతకూ పరీక్ష ఉండాలి. చెప్పకుండా ఒకే సీసా సరకును రెండు అంకెల కింద పోయించాలి. కాలిఫోర్నియా ప్రదర్శనలో ఒకే సీసా వైనును నిపుణులకు వేరువేరుగా మూడుసార్లు ఇచ్చి చూస్తే, పదిమందిలో ఒక్కరే నిలకడగా మార్కులు వేసినట్లు 2008లో వెలువడిన పరిశీలన చెబుతున్నది. తూచే కాటా సరిగా ఉన్నదా అని తూనికల అధికారి వచ్చి చూసినట్లే ఇదీను. రెండు గ్లాసులకు మూడు మార్కులకు పైగా తేడా వేసిన వారి పట్టీని లెక్కలోకి తీసుకోకపోవడం మేలు, వారు ఇంటి యజమాని అయినా సరే.

ఆ తర్వాత వ్యాపారపు లెక్క. 600 రూపాయల సీసాకు సగటున 12 మార్కులు వచ్చాయనుకుందాం; మార్కు 50 రూపాయలు పడింది. 1,000 రూపాయల సీసాకు 14 వస్తే మార్కు 71 రూపాయలు. రెండు మార్కుల మెరుగుదలకు అదనంగా 400 రూపాయలు చెల్లించదలచిన వారు చెల్లించవచ్చు, లెక్క తెలిసి చెల్లించాలి. మరొక సంగతి: 750 మిల్లీలీటర్ల సీసా అయిదు గ్లాసులు. మూత తీసిన వైను రెండు మూడు రోజులకు మించి నిలవదు. విస్కీ అలవాటున్న ఇంట్లో సీసాను నెలరోజులు బీరువాలో పెడితే చివరి సగం పారబోయవలసిందే. అప్పుడు 600 రూపాయల సరకు 1,200 రూపాయల సరకు అవుతుంది.

మక్తల్ వంటి చోట మార్కులన్నిటినీ తారుమారు చేయగలిగినది ఎండ. ఇక్కడ మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటడం మామూలు. నాసిక్‌లో చల్లని గదిలో పడుకొన్న సీసా, లారీలో, గోదాములో, ఆపైన రేకుల కప్పు కింద నిలబడి కొనుగోలుదారును చేరుతుంది. వేడి తగిలిన వైను మురిగిన పండు రసంలా, మాడిన బెల్లంలా వాసన వేస్తుంది. తెలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. బిరడా కొద్దిగా పైకి లేచిన సీసాను, మెడ దగ్గర జిగట కారిన సీసాను ధర తగ్గించి ఇచ్చినా కొనరాదు. సిర్కా వాసన వస్తే కూరలోకి పనికిరావచ్చును కాని గ్రేడుకు పనికిరాదు. మన దేశంలో వైను ద్రాక్ష కోత జనవరి నుండి మార్చి వరకు సాగుతుంది; చలికాలంలో చేరిన సరకు కొనడమే మంచిది. ఇంట్లో ఫ్రిజ్ లేనివారు సీసాకు తడిగుడ్డ చుట్టి రంజన్ పక్కన గాలికి పెడితే, ఈ ప్రాంతపు పొడి గాలికి తెలుపు రకం తాగదగినంత చల్లబడుతుంది.

ఇంతవరకు చెప్పినది చీటీ ఉన్న సీసా సంగతి. అందులో ఆల్కహాలు శాతం ఎంతో, తయారీదారు ఎవరో, ఏ నెలలో నింపారో రాసి ఉంటుంది. అయితే ఈ ప్రాంతంలో కూలి చేసుకునే మనిషి సాయంత్రం తాగే చౌక వైను అది కాదు. ఆయన వైను తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చే కల్లు. దానికి గ్రేడు కట్టే నాలుకలు ఇక్కడ నిజంగానే ఉన్నాయి: పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు కల్లుకు తేడా చెప్పగలవారు, ఈతకల్లు పొద్దుటిదో సాయంత్రందో వాసన పట్టి చెప్పగలవారు. పొద్దున దింపినది తియ్యగా ఉండి, గంటగంటకూ పులిసి, సాయంత్రానికి బీరంత ఘాటుకు చేరి, మరునాటికి పులుపెక్కే సరకు ఇది. ద్రాక్ష వైనుకు ఏళ్లు పట్టే మార్పు దీనికి పూటలో జరిగిపోతుంది. ఇంత రుచిభేదం ఉన్న సరకు మరొకటి అరుదు.

కాని కల్లు కాంపౌండులో అమ్మే సీసాలో ఉన్నది చెట్టు దింపినదేనా? పాలమూరు ప్రాంతంలో ఇది ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు, తీపికి శాకరిన్ కలిపిన కల్లు ఇక్కడ పట్టుబడడం కొత్త కాదు. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగి ఆ సరకు ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందలాది మంది మెడలు వాల్చి, మూర్ఛలతో, మాట తడబడి ఆసుపత్రులకు చేరారు. తాగినందుకు కాదు, అలవాటైన మందు అందనందుకు. 2023 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రిలో మళ్లీ అవే లక్షణాలు కనిపించాయి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది.

ఇక్కడ నాలుక చేతులెత్తేస్తుంది. ఇరవై మార్కుల పట్టీలో అల్ప్రాజోలానికి గడి లేదు. 1985లో ఆస్ట్రియా వైనులో చిక్కదనం కోసం డైఇథిలీన్ గ్లైకాల్ కలిపినప్పుడు తాగినవారు మెచ్చుకున్నారు, పట్టుకున్నది ప్రయోగశాల. ఆ ఏడాదే ఆ దేశం కఠినమైన వైను చట్టం చేసుకుంది. 1986లో ఇటలీలో మిథనాలు కలిపిన చౌక వైను ఇరవైమందికి పైగా ప్రాణాలు తీసింది. చౌక సరకు తాగేవాడి నోటికి రుచి తెలియకపోవడం రెండు చోట్లా సమస్య కాలేదు.

కనుక కల్లుకు గ్రేడు కట్టవలసిన బాధ్యత కొనుగోలుదారు మీద పెట్టడం న్యాయం కాదు. దానికి వేరే కాటా ఉంది, అది చాలా సులువైనది. గీత కార్మికుల సహకార సంఘాలకు, విడిగా చెట్లు గీసుకునే కార్మికులకు ఇచ్చే లైసెన్సులు చెట్లతో ముడిపడినవే. ఒక దుకాణానికి వంద చెట్లున్నాయని, రోజుకు చెట్టుకు నాలుగు లీటర్లు దిగుతుందని అనుకుందాం. 400 లీటర్లు, 650 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 615. ఆ దుకాణం రోజుకు వెయ్యి సీసాలు అమ్మితే మిగతా 385 సీసాలు ఏ చెట్టు దింపింది? ఈ కూడిక, తీసివేతకు ప్రయోగశాల అక్కరలేదు. నమూనాలు ఏ దుకాణం నుండి ముందు తీయాలో ఇదే చెబుతుంది.

కల్తీతో మొదట దెబ్బతినేది నిజాయితీగా చెట్టెక్కే గౌడ్. పొడి కలిపిన నీళ్ల సీసాతో ఆయన లొట్టి ధరలో పోటీపడలేదు, మత్తులో అసలే పోటీపడలేదు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది, మంచిదే. కాని మక్తల్ కూలీ నెక్లెస్ రోడ్డుకు పోయి నీరా తాగడు.

మార్కెట్ యార్డులో ఆనాటి ధర నల్లబల్ల మీద రాసినట్లు, ప్రతి కల్లు దుకాణం ముందు చెట్ల సంఖ్య, ఆనాడు దింపిన లీటర్లు, చివరి నమూనా తీసిన తేదీ, దాని ఫలితం రాయించడం ఎక్సైజు శాఖకు పెద్ద ఖర్చు కాదు. చెట్లు ఆరి దిగుబడి పడిపోయిన రోజులలో కూడా సీసాల సంఖ్య తగ్గని దుకాణాలతో ఆ తనిఖీ మొదలుపెట్టవచ్చు.