మగ్గం ఆగిన నాటి పెద్దరికం

షోలాపురంలో పని ఆగడం మన కుటుంబాలకు కొత్త కాదు. 1949 ఆగస్టు 27న షోలాపురం స్పిన్నింగు, వీవింగు మిల్లు మూతపడినది. యాజమాన్యపు అవకతవకలే కారణమని చెప్పి, 1950 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సుతో దానిని తన అధీనంలోనికి తీసుకొన్నది. పొరపాటు పైవారిది, పస్తులు పనివారివి.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చినప్పుడు తప్పు మన పేటలలో ఎవరిదీ కాదు. మామూలుగా మగ్గం ఆగితే ఇల్లాలి బీడీల రాబడి ఇంటిని ఈడ్చుకొనివచ్చేది. ఆ మారు రెండూ ఒక్కసారే ఆగినవి.

అటువంటి రోజున కార్ఖానాదారు ఏమి చేయవలెను? మాకు తోచినది చెప్పుచున్నాము. మగ్గాలు ఎప్పుడు కదులునో తెలియకపోతే తెలియదనే చెప్పవలెను. వట్టి ఆశ పెట్టరాదు. నూలు నిల్వ ఎంత, అమ్ముడుపోని చద్దర్లు, తువ్వాళ్లు ఎన్ని, రావలసిన బాకీలు ఎన్ని అన్నది పనివారిని కూర్చుండబెట్టి చూపవలెను. ఉన్న కొద్దిపాటి పనిని ఇద్దరికి కట్టబెట్టక, వంతులవారీగా అందరికీ పంచవలెను. ఇచ్చిన అడ్వాన్సును మొదటి వారపు కూలిలోనే కోయరాదు. మగ్గం మళ్లీ కొనవచ్చును. ఊరు విడిచిపోయిన నేర్పరి తిరిగివచ్చుట అరుదు.

ఇవి కష్టం వచ్చినాక ఆలోచించేవి కావు. పని బాగున్న నెలలలోనే ప్రతి కార్ఖానాలో కొంత నిధి వేరుగా తీసి ఉంచవలెనని పెద్దలకు మా మనవి.