చేతిఫోను కంప్యూటరునకు మీటలపలక కావచ్చునా?

మన పాఠశాలలో చేతిఫోను నిషిద్ధ వస్తువు. ఆ నియమము మంచిదనియే మా యభిప్రాయము. అయినను ఈ యేడు ఈ పత్రికకై వ్యాసములను కంప్యూటరుపై కూర్చిన పైతరగతుల విద్యార్థులు, పాత ఫోను నొకదానిని కీబోర్డు ప్రక్కన నిలిపి మీటలపలకగా వాడుకొనుటకు అనుమతి కోరియున్నారు. కొందరు పెద్దలు వినగానే కాదనిరి. పిల్లలు కోరిన దేమో తెలిసికొనకయే కాదనుట న్యాయము గాదని తలచి, ఈ విషయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

చైతన్యపురి మెట్రో స్టేషను దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడచువారికి కంప్యూటరు శిక్షణాలయములును, డీటీపీ కొట్లును క్రొత్త గావు. అట్టి కొట్టులో పనివాని యెడమచేతిని ఒక్క నిమిషము గమనింపుడు. చిటికెనవ్రేలు కంట్రోల్ మీటపై నుండును. తక్కిన వ్రేళ్లు ఒకటి వెంట నొకటి జెడ్, ఎక్స్, సి, వి మీటలను తాకుచుండును. వ్రాసినదానిని కత్తిరించుట, నకలు తీయుట, మరియొకచోట అతికించుట యను పద్ధతిని 1970 దశకములో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనాలయమున లారీ టెస్లర్ ప్రభృతులు ఏర్పరచిరి. నేడు ప్రపంచమంతట వ్రాయసగాండ్రు దానిపైననే బ్రదుకుచున్నారు. ఇట్టి మీటల జంటలను షార్టుకట్టు లందురు. దీనిని ‘అడ్డదారి’ యని తెలిగించినచో నిందవలె వినబడును. మన భాషలో అడ్డదారి త్రొక్కినవాడు మంచివాడు గాడు గదా! ‘దగ్గరదారి’ యనుట మేలు.

అయితే కొన్ని దగ్గరదారులకు మూడేసి మీటలను ఒక్కమారుగా నొక్కవలెను. కొన్నింటికి ఒక మీటల గుంపు తరువాత మరియొక గుంపును వరుసగా నొక్కవలెను. వీనిని జ్ఞప్తి యుంచుకొనుట కష్టము. ఇందులకై 2017లో ఎల్గాటో యను సంస్థ స్ట్రీమ్ డెక్ అను పదునైదు మీటల పెట్టెను అమ్మకమునకు దెచ్చెను. ఒక్కొక్క మీటపై చిన్న బొమ్మ వెలుగును. దానిని నొక్కినచో మనము ముందుగా నిర్ణయించిన పని కంప్యూటరులో జరుగును. ఆ పెట్టె చేయు పనిలో చాలభాగమును స్మార్టుఫోను అద్దమే చేయగలదని పిదప అందరును గ్రహించిరి. ఫోనులో నొక యాప్, కంప్యూటరులో దానికి జతయైన ప్రోగ్రాము ఉండిన చాలును. రెండును ఒకే వైఫై క్రిందనుండి మాటలాడుకొనును. 2013లో మొదలైన కేడీఈ కనెక్ట్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఇట్టిదే. ఆండ్రాయిడ్ 9వ కూర్పు 2018లో వచ్చినప్పటినుండి, తగిన యాప్ ఉన్నచో ఫోను తానే బ్లూటూత్ కీబోర్డువలె నటింపగలదు. అప్పుడు కంప్యూటరులో వేరొక ప్రోగ్రాము సయితము అక్కరలేదు.

తెలుగు వ్రాయువారికి దీనివలన నేమి లాభమని యడుగవచ్చును. ‘సాఫ్ట్‌వేరు’ అను మాటనే చూడుడు. యూనికోడు పద్ధతిలో దీనిని ఉన్నదున్నట్లు టైపు చేసినచో, వకారము టకారము క్రింద వత్తుగా దిగి, మాట చదువరాని ముడియై పోవును. ఆ ముడి పడకుండ రెండక్షరముల నడుమ కంటికి గనబడని గుర్తు నొకదానిని చొప్పింపవలెను. ‘ఫేస్‌బుక్’, ‘దిల్‌సుఖ్‌నగర్’ మొదలగు మాటలన్నిటికి నిదే గతి. మన పేట పేరు వ్రాయుటకే రెండుమారులు కావలెను! కనబడని యక్షరమునకు కీబోర్డుపై కనబడు మీట లేదు. ఏ మీటల గుంపు నొక్కవలెనో యెరుగని బాలుడు, వేరొక పుటలో దొరకిన గుర్తును నకలు తీసి తెచ్చి యతికించును; లేదా తప్పును తప్పుగనే వదలివేయును. రెండవదియే హెచ్చు. 2010లో ప్రభుత్వ మంగీకరించిన రూపాయి గుర్తునకును, తెలుగు అంకెలకును ఇదే యిబ్బంది. వీనిని ఫోను అద్దముపై గళ్లుగా నమర్చి, గడిలో ‘విడదీయుము’ అనియో ‘రూపాయి’ అనియో తెలుగులో వ్రాసి పెట్టినచో, ఆరవ తరగతి పిల్లవాడైనను తప్పక వాడగలడు.

మిషను పాఠశాలల వారికి ఈ యాలోచన పరాయిది కారాదు. శ్రీరామపురము మిషనువారు 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణమును అచ్చొత్తించిననాడు, తెలుగునకు సీసపు టక్షరములు అచ్చులు, హల్లులతో తీరునవి కావు. గుణింతములును, వత్తులును గూడ కావలసివచ్చెను. సీసపు టక్షరముల కాలమున కంపోజిటరు ఏమి చేసెను? మాటిమాటికి వచ్చు నక్షరములను చేతికందు గళ్లలోను, ఎప్పుడో గాని రానివానిని అంచు గళ్లలోను ఉంచుకొనెను. చూపు వ్రాతప్రతిపై నుండగా చేయి తానే గడిని వెదకికొనెడిది. ఫోను అద్దము అంచు గళ్ల వంటిది. అది చేతి క్రిందికి రాదగినది గాదు.

మేము పిల్లలతో ఏకీభవింపని చోటు ఇదియే. వారు సిద్ధపరచిన పట్టికలో నకలు, అతికింపు, దాచుట మున్నగు నిత్యకృత్యములు సయితము గళ్లుగా నున్నవి. ఇది పొరపాటు. అద్దమునకు మిట్టపల్లములు లేవు. వ్రేలికి గడి తెలియదు. ప్రతి తాకుడునకు చూపు తెరనుండి ఫోనునకు దిగి, మరల తెరకు ఎక్కవలెను. కీబోర్డుపై అరక్షణములో నగు పని అద్దముపై ఆలస్యమగును. వ్రేళ్లు నేర్చిన విద్య మెల్లగా మరపునకు వచ్చును. రేపు సాంకేతిక విద్యా శిక్షణ మండలివారి టైపు పరీక్షకు గాని, ఉద్యోగమునకు గాని పోయినప్పుడు ఈ ఫోను వెంటరాదు. నిత్యము వాడునవి వ్రేళ్లకును, అరుదుగా వాడునవి అద్దమునకును ఒప్పగింపవలెను. పదిమారులు చేసినను చేతికి పట్టుబడని గుంపునకే గడి నీయవలెను గాని, నేర్చుకొనుటకు బద్ధకించినదాని కీయరాదు.

ఒక్క విషయములో మాత్రము ఈ కట్టుబాటును మేము పాటింపము. ఒక చేయి సరిగా పని చేయని బాలుడు, వ్రేళ్లు వణకు బాలిక కంప్యూటరు గదికి వచ్చినచో, నకలు మొదలు సమస్తమును వారికి గళ్లుగా నమర్చి యీయవలెను. విండోస్‌లో స్టిక్కీ కీస్ అను సదుపాయ మున్నది. షిఫ్ట్ మీటను అయిదుమారులు నొక్కిన అది మేలుకొనును. పిదప మీటలను ఒక్కసారిగా గాక ఒకదాని తరువాత నొకటిగా నొక్కవచ్చును. ముందు దానిని చూపుడు. అదియు చాలనివారికి ఫోను పెద్ద గళ్లతో తోడగును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విద్యాలయములు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. మూలబడిన ఫోనుతో నెరవేరు పనిని ఖర్చు పేరు చెప్పి వాయిదా వేయుట మనకు తగదు. పెద్దలు నియమము సడలించుటకు ఇంతకన్న బలమైన కారణము మాకు తోచదు.

ఇల్లలుకగానే పండుగ గాదు. మీటలు నొక్కగల ఫోను చెరుపును గూడ చేయగలదు. ఒక్క తాకుడుతో కంప్యూటరును ఆర్పగలదు, ఫైళ్లను తుడువగలదు. పాఠశాల వైఫై అందరిదియు గనుక, జతకూడుటకు వచ్చిన ప్రతి పిలుపునకు సరే యనరాదు. రెండు తెరలపై కనబడు సంకేతము ఒక్కటియే యైనప్పుడు మాత్రమే యనవలెను. సంకేతపదములను గడిలో దాచుట బీరువాకు తాళమువేసి చెవిని దానికే వ్రేలాడదీయుట వంటిది. మరియొక మాట: పగలు రాత్రి కరెంటునకు తగిలించి యుంచిన పాత ఫోను బ్యాటరీ ఉబ్బవచ్చును. ఉబ్బినదానిని వెంటనే తీసివేయవలెను. పిల్లలు గ్రుచ్చి చూడరాదు.

కావున మా సూచన యేమనగా, విద్యార్థుల సొంత ఫోనులు ఎప్పటివలె గేటు బయటనే యుండవలెను. పాఠశాలకు చెందిన రెండు ఫోనులు, సిమ్ము లేనివి, ఆటలు గాని బొమ్మల యాప్‌లు గాని లేనివి, కంప్యూటరు గదిలో బల్లకు బిగించి యుంచవలెను. ఒకటి పత్రిక కూర్పునకు, ఒకటి పైని చెప్పిన పిల్లలకు. గళ్లపై నేమి యుండవలెనో కంప్యూటరు అయ్యవారు ఒప్పుకొన్న తరువాతనే యమర్చవలెను. క్రొత్తవి కొనవలసిన పని లేదు. తెర పగులని పాత ఫోను ఇంట నున్నవారు, అందలి ఫోటోలను, లేఖలను, ఖాతాలను పూర్తిగా తుడిచి, చార్జరుతోకూడ పాఠశాల కార్యాలయమున నీయవచ్చును.