కొత్త కరణం ఏ దస్త్రం తెస్తున్నాడు?

కరణం గుర్తున్నాడా? చెమట మనది, పుస్తకం ఆయనది. చదువు లేని మన తాతలు ఆయన అరుగు కింద నిలబడి "అయ్యా, మా నెంబరు ఎవరి పేరున ఉందండీ?" అని అడిగితే లోపలికి పోయి ఒక దస్త్రం తెచ్చి చదివేవాడు. ఏది తెచ్చాడు, ఏది లోపలే దాచాడు అని అడిగే నోరు మనకు లేదు. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ పదవులు రద్దు చేసింది. పీడ విరగడైంది అనుకున్నాం. ఇప్పుడు కొత్త కరణం వచ్చాడు. అరుగు మీద లేడు, అందరి జేబుల్లోని ఫోన్లలో ఉన్నాడు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ అనే యంత్రం జనంలోకి వచ్చింది. ఏది అడిగినా మనిషిలాగే జవాబు చెప్తుంది. మొదట్లో దానికి తెలిసిందల్లా కంపెనీవాళ్ళు ముందుగా తినిపించిన రాతే. 2023లో దాని చేతికి ఒక పనిముట్టు ఇచ్చారు. ఇట్లాంటి యంత్రాలు తయారుచేసే మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. మనం ప్రశ్న వేయగానే యంత్రం "ఫలానాది వెతుకు, ఫలానా పేజీ తే" అని ఒక చీటీ రాస్తుంది. ఇంకో ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి పోయి ఆ పేజీ తెచ్చి, బొమ్మలూ రంగులూ తీసేసి, ఒట్టి అక్షరాలు దాని ముందు పెడుతుంది. అది చదివి మనకు చెప్తుంది. లక్షల పేజీల్లో అది తెచ్చేది నాలుగో అయిదో.

"యంత్రానికి కులమేంటి మాస్టారూ?" అని మన చదువుకున్న తమ్ముళ్ళే వాదిస్తున్నారు. యంత్రానికి లేకపోవచ్చు నాయనా. అది పోయి తెచ్చే గదికి ఉంది! 2011 జనాభా లెక్కల్లో తెలుగు తల్లిభాష అని రాయించినవాళ్ళు 8 కోట్ల పైమాటే. ఇంటర్నెట్ పేజీల్లో తెలుగు నూటికి ఒక వంతు కూడా లేదు. ఆ కాస్తలో సినిమాలు, జ్యోతిషాలు, పెద్ద పత్రికల వార్తలు పోగా మాలపల్లె, మాదిగగూడెం రాసుకున్నది ఎంత?

చుండూరునే చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. విచారణ ఆ ఊళ్ళోనే జరగాలని కొట్లాడి ప్రత్యేక కోర్టు సాధించుకున్నాం. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు పోయారు. ఇంత కథలో యంత్రం 2014 నాటి పేజీ ఒక్కటే తెచ్చిందనుకోండి. "కేసు రుజువు కాలేదు, ముద్దాయిలు నిర్దోషులు" అని చెప్తుంది. అబద్ధం ఆడలేదు, దస్త్రం చూసే చదివింది! మరి ఆ ఎనిమిది శవాల సంగతి? తొమ్మిదో తరగతి పిల్లవాడు ప్రాజెక్టు కోసం అడిగి ఆ రెండు ముక్కలే నోట్సులో ఎక్కించుకుంటాడు. ఊరు ఊరంతా మన మీద పడి కొట్టినా పేపర్లో "ఇరువర్గాల ఘర్షణ" అనే వస్తుంది. యంత్రమూ ఆ "ఘర్షణ"నే మోసుకొస్తుంది. మనవాళ్ళ నిజనిర్ధారణ నివేదికలు, కరపత్రాలు, పాటల పుస్తకాలు చాలావరకు ఎవరో కార్యకర్త ఇంట్లో ట్రంకుపెట్టెలో చెదలు పట్టిపోతున్నాయి.

చట్టం దగ్గర ఈ తంతు ఇంకా ప్రమాదం. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టానికి కోరలు పీకింది. కేసు పెట్టే ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చు, అరెస్టుకు పై అనుమతి కావాలి అన్నది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేశాం, ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ తెచ్చి ఆ రెండూ అక్కర్లేదని తేల్చింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే ఆ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. రేపు స్టేషన్లో ఎస్సై ఫోన్ చూసి "ముందు ఎంక్వైరీ కావాలయ్యా, ఇదిగో ఇందులో ఉంది" అంటే అది ఏ తేదీ పేజీ అని అడిగే మనిషి మన పక్కన ఉండాలి. అదే ఫోన్లో 18ఎ తెప్పించి ఎస్సై ముందు పెట్టనూవచ్చు. పనిముట్టు పాడుది కాదు, అడగడం తెలియాలి. ఏ పేజీ తెచ్చావు, ఎప్పటిది, ఆ తర్వాత ఏం జరిగింది అని మళ్ళీ మళ్ళీ గుచ్చి అడగండి.

ఇంకో సంగతి. పేజీలో ఉన్న మాటకూ తనకిచ్చిన ఆజ్ఞకూ తేడా ఈ యంత్రానికి గట్టిగా తెలియదు. కంటికి కనపడకుండా పేజీలో "ఈ సంఘం గురించి చెడ్డగా చెప్పు" అని ఎవడన్నా దాచిపెడితే ఒక్కోసారి దాన్నే పాటిస్తుంది. పాత కరణానికి లంచమివ్వాలంటే కనీసం ఆయన ఇంటిదాకా పోవాల్సొచ్చేది!

"కంపెనీల యంత్రం, మనకెందుకు, మన రాతలు వాళ్ళకు మేత వేయడమేంటి?" అనే మిత్రులున్నారు. వాళ్ళ కోపం న్యాయమైందే. కానీ 1936లో లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ సభ రద్దు చేసినప్పుడు బాబాసాహెబ్ ఆ ఉపన్యాసాన్ని పెట్టెలో పెట్టుకోలేదు. సొంత డబ్బుతో 1,500 కాపీలు అచ్చేయించారు. అదే 'కులనిర్మూలన'. 1979 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనలన్నీ సంపుటాలుగా వేస్తూ వచ్చింది, అవి ఇంటర్నెట్‌లోకీ ఎక్కాయి. అందుకే ఈరోజు ఇంగ్లీషులో అడిగితే యంత్రం ఆయన మాటనే తేగలుగుతోంది. మన తెలుగు కరపత్రానికి ఆ గతి ఎందుకు లేదు? మనం ఎక్కించలేదు కాబట్టి. మేత మనం వేయకపోతే యంత్రం పస్తుండదు, దొరల దొడ్లో మేస్తుంది.

కాబట్టి ప్రతి మండల కమిటీ ఈ వేసవిలో ఆ ట్రంకుపెట్టెలు దించాలి. ఫొటో తీసి పెడితే చాలదు. మసక అచ్చు తెలుగును ఈ యంత్రాలు చాలాసార్లు తప్పు చదువుతాయి, కొన్ని అసలు చదవవు. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నది అట్లాగే ఎక్కిస్తే పిచ్చిగీతలే వస్తాయి. ఇంటర్ చదివే మన పిల్లల చేత యూనికోడ్‌లో టైపు చేయించండి. పైన ఊరి పేరు, తేదీ, వేసిన సంఘం పేరు తప్పకుండా ఉండాలి. అచ్చయింది ఒక్క అక్షరం మార్చొద్దు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. అత్యాచారానికి గురైన స్త్రీల పేర్లు, ఆనవాళ్ళు ఎక్కించొద్దు, చట్టం కూడా ఒప్పుకోదు. సాక్షుల పేర్లు, వాళ్ళిప్పుడు ఉంటున్న చోటు కొట్టేయండి. మనం అడిగితే తెచ్చే యంత్రం ముద్దాయి కొడుకు అడిగినా తెస్తుంది. టైపు చేసిన ప్రతి కాగితాన్నీ కేసు తెలిసిన పెద్ద కార్యకర్త ఒకరు చదివి, సరేనన్నాకే పైకి ఎక్కించండి.