అద్దం అందానికి కాదన్నా, మోపు దాటి వెనకకు చూపు పోవాలె

ఇయ్యాల ఎవుసం ముచ్చట కాదు, బండి ముచ్చట. అందులో కూడా బండి అద్దాల ముచ్చట. గింత చిన్న విషయానికి గింత పొడుగు రాతనా అనుకోకుండా చివరి దాకా చదవండి. మనం రోజూ పొలానికి, మార్కెట్‌కు, పాల కేంద్రానికి తిరిగే బండి మీద మన పానం ఉన్నది.

మీరు ఎప్పుడైనా ఎనుమాముల మార్కెట్‌కు పోయినప్పుడు ఒక పావుగంట గేటు దగ్గర నిలబడి వచ్చే బండ్లను చూడండి. కొన్నింటికి అద్దాలే ఉండవు, పుల్లలు కూడా పీకేసి ఉంటాయి. కొన్నింటికి ఒకటే ఉంటది, అది కూడా మొఖం చూసుకునేటందుకు లోపలికి తిప్పి ఉంటది. ఈ మధ్య మూడో రకం మొదలైంది. హ్యాండిల్ మీద పొడుగు పుల్ల లేకుండా, హ్యాండిల్ చివరన, గ్రిప్పు అయిపోయిన కాడ గుండ్రటి అద్దం బిగించుకుంటున్నరు. వీటినే బార్ ఎండ్ అద్దాలు అంటరు.

ఇవి ఇంగ్లండులో 1950లు, 60లలో పోరగాళ్లు రేసు బండ్ల లెక్క తయారు చేసుకున్న కెఫే రేసర్ బండ్ల మీద పేరు తెచ్చుకున్నయి. ఇప్పుడు మన దేశంలో అమ్మే ట్రయంఫ్ స్పీడ్ 400కు కంపెనీ నుంచే ఇవి వస్తయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు విడి సామాను కింద అమ్ముతరు. స్ప్లెండర్, షైన్, ప్లాటినా నడిపేటోళ్లు మాత్రం బయట దుకాణంలోనో, ఆన్‌లైన్‌లోనో తెచ్చుకోవాలె. మూడు నాలుగు వందలకు కూడా దొరుకుతయి, వెయ్యి దాటినవి కూడా ఉన్నయి.

మన పెద్దోళ్లు వీటిని చూడంగనే "పోకిరి వేషాలు" అంటరు. పోరగాళ్లేమో "స్టైల్" అంటరు. నా మాట ఏందంటే ఇద్దరి మాటా సగమే నిజం. అద్దం ఎట్ల కనపడుతుందనేది కాదు, అద్దంలో ఏం కనపడుతుందనేదే లెక్క. ఆ లెక్కన చూస్తే బరువు మోసే రైతు బండికి బార్ ఎండ్ అద్దం కొందరికి మంచి సాధనం, కొందరికి దండగ. ఎవరికి ఏదో తేల్చుకోకుండా ఫొటో చూసి కొనొద్దు.

ముందుగాల అద్దం ఎందుకు కావాలో చెప్త. మన పొలాలు చాలా మటుకు రోడ్డు పక్కన్నే ఉంటయి. ములుగు రోడ్డు గానీ, నర్సంపేట రోడ్డు గానీ, ఖమ్మం రోడ్డు గానీ తీసుకోండి. రోడ్డు మీద పోతా పోతా కుడి దిక్కు బాటలోకి మళ్లాలె. మన దేశంలో ఎడమ పక్కన నడుపుతం, దాటేసే బండి కుడి పక్క నుంచి వస్తది. అంటే మనం మళ్లే టైముకే వెనక లారీ గానీ కారు గానీ మనల్ని దాటేస్తా ఉంటే, నేరుగా దాని ముందటికే పోతం. లారీ డ్రైవర్‌కు ఆ డొంక బాట ఉన్నట్టు కూడా తెల్వదు. గోదారి నుంచి వచ్చే ఇసుక లారీలు ఆ రోడ్ల మీద ఎట్ల వస్తయో మీకు నేను చెప్పే పని లేదు.

ఊరికే భయపెడుతలేను. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయిండ్రు. అందులో నూటికి 44 మంది టూ వీలర్ల మీద ఉన్నోళ్లే. ప్రమాదాల రకాలు చూస్తే వెనక నుంచి గుద్దినవే అన్నిటికన్నా ఎక్కువ, ఐదింట్లో ఒకటి కంటే పైనే. వెనక ఏం వస్తుందో తెలుసుకునుడు అనేది సోకు కాదు.

"మెడ తిప్పి చూస్తం గద" అని మీరు అనొచ్చు. చూడాలె, అద్దం ఉన్నా మళ్లే ముందు ఒకసారి మెడ తిప్పాల్సిందే. కానీ వెనక గడ్డి మోపు ఉన్నది, మెడకు తువ్వాల చుట్టి ఉన్నది, వయసు యాభై దాటింది. మెడ ఎంత దూరం తిరుగుతది? తిరిగిన కాసేపు ముందర గుంత ఎవరు చూస్తరు? "హారన్ కొడతరు గద" అంటరు. హారన్ వినపడే టైముకు లారీ మన పక్కకే వచ్చి ఉంటది.

ఇగ అసలు సమస్య. బండితో పాటు వచ్చే అద్దాలు మనిషి ఒక్కడు కూర్చుంటే వెనక కనపడేటట్టు పెడతరు. మనం బండి మీద పెట్టే సామాను వాళ్ల లెక్కలో లేదు. వెనక గడ్డి మోపు కడితే అద్దంలో గడ్డే కనపడుతది. రెండు పక్కల పాల క్యాన్లు వేలాడితే క్యాన్లే కనపడుతయి. మా కొత్తవాడలో జంపఖానాలు నేసేటోళ్లు ఉన్నరు. మూటలు అడ్డంగా కట్టుకొని పోయే బండి మీద కూడా ఇదే తిప్పలు. మామూలు అద్దంలో సగం మన మోచెయ్యే ఉంటది, మిగిలిన సగం మూట.

బార్ ఎండ్ అద్దం చేసే మేలు ఇక్కడనే ఉన్నది. అది హ్యాండిల్ చివర నుంచి ఇంకా బయటకు ఉంటది కాబట్టి చూపు మన మోచెయ్యిని, మూట అంచును దాటుకొని వెనకకు పోతది. రోజూ వెడల్పు మూటతో పెద్ద రోడ్డు మీద పోయేటోనికి ఇది పనికొచ్చే వస్తువు.

అయితే మేలు ఎక్కడుందో కీడు కూడా అక్కడనే ఉన్నది. బయటకు ఉన్నది కాబట్టి అన్నిటికీ తగులుతది. పత్తి చేను నడుమ బాటలో పోతే కొమ్మలు తగులుతయి. బర్లు, గొర్ల మంద ఎదురొస్తే వాటికి తగులుతది. ఇంటి గేటులో, మార్కెట్‌లో ఆటోల సందులో రాసుకుంటది. ఒడ్డు మీద స్టాండు దిగబడి బండి పడితే ముందుగాల నేలకు తగిలేది అదే. అందుకే నేను తిన్నగా చెప్త: మీ తొవ్వ ఎక్కువ భాగం చేను బాట, ఇరుకు గల్లీ అయితే బార్ ఎండ్ అద్దాలు కొనొద్దు. దానికన్నా పొడుగు పుల్ల అద్దాలు పెట్టుకోండి. లేకపోతే ఉన్న అద్దం కింద బిగించి దాన్ని బయటకు జరిపే పట్టీలు దొరుకుతయి, అవి పెట్టుకోండి. అవి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా బండ్లకు అద్దం బోల్టు 10 మిల్లీమీటర్లది ఉంటది. యమహా బండ్లకు కుడి పక్క మర తిరగేసి ఉంటది. తెల్వక మామూలుగా తిప్పితే వదిలేది పోయి ఇంకా బిగుస్తది.

బార్ ఎండ్ అద్దాలే కావాలనుకున్నోళ్లు కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

ఒకటి, సైజు. అరచేయంత అన్నా ఉండాలె. బిళ్ల లెక్క చిన్నది ముద్దుగా ఉంటది గానీ, అందులో లారీ చీమంత కనపడుతది.

రెండు, గాజు. కొంచెం ఉబ్బు ఉన్న గాజు అయితే ఎక్కువ వెడల్పు కనపడుతది, కానీ బండ్లు ఉన్నదానికన్నా దూరంలో ఉన్నట్టు అనిపిస్తయి. సాఫు గాజులో దూరం సరిగ్గ తెలుస్తది గానీ కనపడేది తక్కువ. మనకు కొంచెం ఉబ్బుదే మేలు. అయితే అద్దంలో దూరంగ ఉన్నది అనుకున్న బండి ఇంకా దగ్గర్నే ఉన్నదని మనసులో పెట్టుకోవాలె.

మూడు, మడత. లోపలికి మడిచేటట్టు ఉండాలె. మడత లేనిది మన ఊరి బాటలకు పనికిరాదు. చేత్తో తిప్పితే గట్టిగ ఉండాలె, గాలికి తిరిగిపోయేది వద్దు.

నాలుగు, కొలత. చాలా బండ్ల హ్యాండిల్ పైపు బయట కొలత సుమారు 22 మిల్లీమీటర్లు ఉంటది. లోపలి బొక్క మాత్రం బండి బండికి మారుతది. అద్దం తోక ఆ బొక్కలో పోయి పట్టుకోవాలె కాబట్టి లోపలి కొలత చూసుకోకుండా కొంటే పైసలు పోయినట్టే. కొన్ని రకాలు లోపలికి పోకుండా పైపును బయట నుంచి పట్టుకుంటయి, వాటికి బయటి కొలత చాలు.

ఇగ బిగించుడు. ఇది తెలిసిన మెకానిక్ దగ్గర చేయించండి, కానీ పక్కన నిలబడి చూడండి. కొన్ని బండ్లకు హ్యాండిల్ చివర ఇనుప బరువులు ఉంటయి. అవి అలంకారం కాదు, హ్యాండిల్ వణుకును ఆపేటందుకు పెట్టినవి. వాటిని తీసి తేలికైన అద్దం పెడితే చేతులకు తిమ్మిరి రావొచ్చు, అద్దంలో బొమ్మ కూడా వణుకుతది. అందుకే తోక బరువుగా ఉన్న రకం చూసుకోవాలె. కొన్ని బండ్లకు రబ్బరు గ్రిప్పు చివర మూసి ఉంటది. దాన్ని బ్లేడుతో గుండ్రంగ కోసి బొక్క చేయాలె. తోకను లోపలికి తోసి ఎల్ కీతో బిగిస్తే లోపల రబ్బరు గానీ ఇనుము గానీ ఉబ్బి పైపును పట్టుకుంటది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్త, ఇది మర్చిపోవద్దు. కుడి పక్క గ్రిప్పు ఎక్సలేటర్, అది తిరగాలె. అద్దం మొదలుకు, ఆ గ్రిప్పుకు మధ్యన మందపాటి అట్టముక్క పట్టేంత సందు ఉండాలె. సందు లేకుండా ఒత్తి బిగిస్తే ఎక్సలేటర్ తిప్పినంక వెనకకు రాదు. బండి ఉరుకుతనే ఉంటది. బిగించినంక ఇంజన్ ఆపి ఎక్సలేటర్ మొత్తం తిప్పి వదలండి. టప్పున దానంతట అదే వెనకకు రావాలె. హ్యాండిల్‌ను ఎడమకు మొత్తం తిప్పి ఒకసారి, కుడికి మొత్తం తిప్పి ఒకసారి ఇదే చూడండి. అద్దం ట్యాంకుకు, మోకాలుకు తగులొద్దు. క్లచ్, బ్రేకు లివర్లు పూర్తిగ పట్టినప్పుడు వాటి కొన అద్దానికి తట్టొద్దు. ఇందులో ఒక్కటి తప్పినా బండి బయటకు తీయొద్దు.

తర్వాత మీ ఇంటి ముందర ఒక పరీక్ష చేయండి. బండి మీద రోజూ మోసే మోపు గానీ క్యాన్లు గానీ కట్టండి. ఖాళీ బండి మీద చూస్తే లాభం లేదు. బండి మీద కూర్చొని, ఒక పోరన్ని వెనక ఇరవై అడుగుల దూరంలో ఈ పక్క నుంచి ఆ పక్కకు నడవమనండి. ఎక్కడెక్కడ వాడు మాయమవుతున్నడో చూసుకోండి. అద్దం సగంలో నేల, సగంలో ఆకాశం పడేటట్టు, లోపలి అంచులో మన మోచెయ్యి కొంచెమే కనపడేటట్టు తిప్పుకోవాలె. పోరడు ఎక్కడా కనపడకపోతే ఆ అద్దాలు మీ బండికి పనికిరానట్టే, ఎంత ఖరీదువైనా సరే. ఈ పరీక్ష అయ్యేదాకా పాత అద్దాలు పీకొద్దు. పీకినంక కూడా ఇంట్లో దాచిపెట్టండి. ఆ బొక్కలో గ్రీజు రాసి ఒక బోల్టు పెట్టండి, వాన నీళ్లు పోయి మర తుప్పు పట్టకుండా ఉంటది. పది పదిహేను కిలోమీటర్లు తిరిగినంక మళ్లొకసారి బిగించాలె, మన గుంతల రోడ్లకు ఏ బోల్టయినా లూజయితది.

ఇద్దరికీ డబ్బులు చాలకపోతే, అంటే ఒక్క అద్దమే కొనే పరిస్థితి ఉంటే, ముందు కుడి పక్కది పెట్టండి. దాటేసే బండి వచ్చేది ఆ పక్క నుంచే. ఎడమది తర్వాత నెలలో పెట్టుకోండి, వదిలిపెట్టుడు మాత్రం వద్దు.

ఇప్పుడు కొడుకులున్న తండ్రులకు ఒక మాట. షోరూం నుంచి కొత్త బండి వచ్చిన మొదటి రోజే పోరగాడు అద్దాలు పీకి అటక మీద పడేస్తడు. మనం చూసి కూడా "పోనీ, పోరడు" అని ఊకుంటం. తిట్టినా వినడు. అసోంటి ఇంట్లో బార్ ఎండ్ అద్దాలే రాజీ మార్గం. "నీకు నచ్చిన అద్దం పెట్టుకో, పైసలు నేనిస్త, కానీ అద్దం లేని బండి మన వాకిట్ల నుంచి బయటకు పోదు" అని చెప్పండి. పోరనికి సోకు దక్కుతది, మనకు ధీమా దక్కుతది. మోటారు వాహనాల నిబంధనల్లో కూడా అద్దం ఉండాలనే ఉన్నది. అద్దాలు లేని బండికి పోలీసులు ఫొటో తీసి చలాన్ పంపుడు మనకు కొత్తేం కాదు. కానీ చలాన్ కోసం అద్దం పెట్టుకునేటోడు చౌరస్తా దాటంగనే దాన్ని లోపలికి తిప్పుకుంటడు. ఇంటికి చేరాలని పెట్టుకునేటోడే సరిగ్గ పెట్టుకుంటడు.

విత్తనం కొనేటప్పుడు పది మందిని అడుగుతం, మందు డబ్బా మీద తేదీ చూస్తం. బండి అద్దం మాత్రం ఫొటో చూసి కొంటం. ఇది మారాలె. మీరు పెట్టుకున్న అద్దాలు మీ మోపుకు ఎట్ల పనిచేస్తున్నయో, ఏ బండికి ఏ కొలత సరిపోయిందో కింద రాయండి, నలుగురికి అక్కరకొస్తది. రేపు పొద్దున బండి తీసే ముందు మోపు కట్టి ఒక్కసారి అద్దంలోకి చూడండి. గడ్డి తప్ప ఏం కనపడకపోతే ఆ పని రేపే చేసుకోండి.