పాట లేని ఆట

సంక్రాంతి వచ్చిందంటే చెన్నైలోని మన కుటుంబాల్లో సగం ఊళ్లకు రైలెక్కుతాయి, తక్కిన సగం టీవీ ముందు చేరతాయి. ఆ రెండో సగానికి నా మనవి ఒకటే. కాస్త గడప దాటి పార్కుకు వెళ్లండి.

ఇతర రాష్ట్రాల పాఠకుల కోసం చెబుతున్నాను. చెన్నై సంగమం అనే జానపద ఉత్సవం 2007లో మొదలైంది. నడుమ చాలా ఏళ్లు ఆగిపోయి, 2023 జనవరిలో పొంగలు రోజుల్లో మళ్లీ ఊపిరి పోసుకుంది. టిక్కెట్టు లేదు. పార్కుల్లో, సముద్రపు ఒడ్డున, ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడి చూడవచ్చు.

ఆ ఏడు నేను మనవణ్ణి వెంటబెట్టుకుని మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కుకు వెళ్లాను. మన డప్పుకు తోబుట్టువైన పఱై మోగగానే వాడు చెవులు మూసుకున్నాడు. రెండు నిమిషాలకు చేతులు తీసేసి నా భుజం మీద దరువు మొదలుపెట్టాడు! సాయంత్రం నడకకు వచ్చిన పెద్దలు నడక మానేశారు. పక్కనున్న ముక్కూమొహం తెలియని ఆవిడ మాకు సుండల్ పొట్లం చాచింది. సభల్లో ఎన్ని కచేరీలు విన్నా ఇలా పొట్లం చాచినవారు లేరు.

తరువాత దేవరాట్టం. తలపాగాలు, కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల్లో రెండు రుమాళ్లతో మగవాళ్లు వరుసలుగా వచ్చారు. ఈ ఆటకు పాట ఉండదు. ఉన్నదల్లా దేవదుందుభి. ఉరుమి జాతి వాద్యమది. ఒక మొహాన్ని కొడతారు, రెండో మొహాన్ని వంపు కర్రతో రుద్దుతారు. ఆ రుద్దుడుకు వచ్చే మూలుగు నేరుగా కడుపులోకి దిగుతుంది. అనంతపురం జిల్లా ఉరుముల నృత్యం చూసినవారికి అది కొత్తగా ఉండదు. మెల్లగా మొదలైన అడుగు దుందుభి వెంట జోరందుకుంది. చూస్తున్న వాళ్లందరి చప్పట్లూ దానితో కలిశాయి.

మైకులో ఆయన తమిళనాటి ప్రాచీన కళ అన్నారు. నిజమే. ఆడేవారు రాజకంబళత్తు నాయకర్లనీ, వారి ఇంటి భాష తెలుగనీ మాత్రం అనలేదు. 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన ఆ వంశీయుడే. విజయనగర కాలంలో తెలుగునాటి నుంచి తరలివచ్చామని వీరు చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో, జాతరల్లో ఈ ఆట ఉండాల్సిందే.

ఆట ముగిశాక ఒక పెద్దాయనను తెలుగులో పలకరించాను. ఆయన మొహం వెలిగింది. "ఇంట్లో మా మాట ఇదే సామీ. రాసేది మాత్రం రాదు" అన్నాడు. నా పక్కనున్న మనవడికి రాయడమూ రాదు, మాట కూడా అంతంతమాత్రం. వాడు ఆయన రుమాలు అడిగి తీసుకుని నాలుగు అడుగులు వేశాడు. ఆయన "ఎడమ కాలు, ఎడమ కాలు" అంటూ తెలుగులోనే దిద్దాడు. మనవడు దిద్దుకున్నాడు.

అప్పటినుంచి సంక్రాంతికి నేను ఊరు వదలలేదు. మన ఉగాది సభకు ఏటా హైదరాబాదు నుంచి సినిమా గాయకులను పిలిపిస్తున్నాం, సంతోషమే. ఈసారి తూత్తుకుడి జిల్లా నుంచి ఒక దేవరాట్టం బృందాన్ని పిలుద్దామని కార్యవర్గంలో అన్నాను. "పాట లేకపోతే జనం కూర్చుంటారా?" అని ఒకరి సందేహం. కూర్చోరు, లేచి నిలబడతారన్నాను. ఖర్చు లెక్క రాసిమ్మన్నారు. పన్నెండుమందికి రానుపోను రైలు, రెండు పూటల భోజనం, సంభావన వేసి రాస్తున్నాను.