ఆంగ్ల, ఉజ్బెకు సర్వనామములు

ఆంగ్లమున ‘హి’ యనినఁ బురుషుఁడు, ‘షి’ యనిన స్త్రీ, ‘ఇట్’ అనిన వస్తువు. ఉజ్బెకు భాషలో నీ మూఁటికిని ‘ఉ’ యను నొక్క మాటయే చాలును. ఇది భాషాదారిద్ర్యమని కొందఱు తలఁపవచ్చును, మే మంగీకరింపము. అందు చనువునకు ‘సెన్’, మన్ననకు ‘సిజ్’ కలవు. మన నీవు, మీరు వంటివే. ఆంగ్లేయులో, ‘దౌ’ను సామాన్యవ్యవహారమునుండి తొలఁగించి, గురువునకును కుక్కకును ‘యూ’ యనియే పలుకుచున్నారు!

ఉజ్బెకున ‘కెల్ది’ యనిన, మన ‘వచ్చెను’ వలెనే, వచ్చినది స్త్రీయో పురుషుఁడో తెలియదు. అట్లే కథ నడుపవచ్చును. దాని నాంగ్లీకరించువాఁడు మాత్రము సాధారణముగా మొదటి వాక్యముననే యా గుట్టు విప్పవలసివచ్చును.

మన ‘మేము, మనము’ల భేదము రెంటను లేదు, ‘వి’ యనినను ‘బిజ్’ అనినను, అందుఁ దానును జేరెనో లేదో వినువాఁడే యూహించుకొనవలయును.